ప్రమాదం చేసింది ఒకరు, ఖర్చు మోసేది మరొకరు

(బండి ఆత్మకూరు మండలంలో పనిచేస్తున్న మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మనం మాట్లాడుకోబోయే విషయం పైకి స్త్రీల సమస్యలా కనిపించదు. రోడ్డు ప్రమాదం, బీమా, ట్రిబ్యునలు - ఇవన్నీ వకీళ్ళు, పోలీసులు, పెద్దమనుషులు చూసుకునే వ్యవహారాలని మనకి అలవాటయిపోయింది. వరకట్నం, గృహహింస, భూమి హక్కు గురించి మనం గంటలు గంటలు మాట్లాడతాం. బండి గుద్ది కాలు విరిగిన మనిషి విషయం వచ్చేసరికి 'కర్మ' అని ఊరుకుంటాం. కానీ ప్రమాదం జరిగిన క్షణం నుంచీ ఏం జరుగుతుందో ఒక్కసారి ఆలోచించండి. గాజులో కమ్మలో తాకట్టు పెట్టేది ఎవరు? పొదుపు సంఘంలో అప్పు తెచ్చేది ఎవరు? కూలి మానుకుని ఆసుపత్రి మంచం పక్కన కూర్చునేది ఎవరు? దెబ్బ తగిలింది మగవాడికైనా ఆడమనిషికైనా, ఈ పనులు చేసేది స్త్రీలే. తప్పు చేసిన డ్రైవరు నుంచి రావలసిన డబ్బు రాకపోతే ఆ లోటును తన శ్రమతో, తన తిండితో పూడ్చేది కూడా ఆమే. అందుకని నా దృష్టిలో ఇది స్త్రీల హక్కుల ప్రశ్నే.

మన రోడ్లు, మన ప్రయాణాలు

నంద్యాల నుంచి బండి ఆత్మకూరు, వెలుగోడు మీదుగా ఆత్మకూరు పోయే రోడ్డు మీకందరికీ తెలుసు. నాట్ల కాలంలో, కలుపు కాలంలో పొద్దున్నే ఆ దారిలో నిలబడితే కూలి స్త్రీలు ఎలా ప్రయాణిస్తారో కనిపిస్తుంది. ముగ్గురెక్కే ఆటోలో పదిమంది, సరుకు తోలే బండి వెనక ఇరవైమంది, ట్రాక్టరు ట్రాలీలో నిలబడి మరికొందరు. ఇటు నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా కర్నూలు - కడప జాతీయ రహదారి. దాని మీద లారీలు, కార్లు ఎంత వేగంగా పోతాయో చెప్పనక్కర్లేదు. సొంత కారు ఉన్నవాళ్ళకి బీమా ఉంటుంది, ఏజెంటు ఉంటాడు, ఫోను చేస్తే వచ్చే వకీలుంటాడు. నడిచిపోయేవాళ్ళకి, ఆటోలో వేలాడేవాళ్ళకి అవేమీ లేవు. ఈ వర్గానికి చట్టం హక్కులిచ్చింది గానీ, ఆ హక్కులు నడవవలసిన దారంతా కాగితాలతో నిండి ఉంది.

పెద్దమనుషుల రాజీ

మొట్టమొదట మనకు ఎదురయ్యేది రాజీ. ప్రమాదం జరిగిన రోజో మర్నాడో బండి యజమాని తరఫున ఇద్దరు పెద్దమనుషులు వస్తారు. 'కేసు పెడితే కోర్టుల చుట్టూ తిరగాలి, ఏళ్ళు పడుతుంది, ఆడవాళ్ళు తిరగలేరు. ఇరవై అయిదు వేలు ఇప్పిస్తాం, సంతకం పెట్టండి' అంటారు. ఆ మాట మంచం మీద ఉన్న స్త్రీతో అనరు, ఆమె భర్తతోనో, అన్నతోనో అంటారు. డబ్బు కూడా ఆయన చేతికే ఇస్తారు.

ఈ ఇరవై అయిదు వేలు ఎంత తక్కువో తెలియాలంటే లెక్క వెయ్యాలి. ఒక కూలి స్త్రీని ఊహించుకుందాం. కారు గుద్ది కాలి ఎముక విరిగింది. నంద్యాలలో ఆపరేషనుకూ మందులకూ బిల్లులున్న ఖర్చు 38,000. కట్టు మార్పించుకోవడానికి, ఎక్స్‌రేకి 12 సార్లు ఆటో మాట్లాడుకుంటే మనిషికీ తోడుకీ కలిపి సారికి 300 చొప్పున 3,600. పాలు, గుడ్లు, పండ్లు 5,000. నెలకి 20 రోజులు, రోజుకి 300 చొప్పున ఆమె పోగొట్టుకున్న నాలుగు నెలల కూలి 24,000. ఆమెను చూసుకోవడానికి చెల్లెలు రెండు నెలలు పని మానేస్తే 12,000. మొత్తం 82,600 రూపాయలు. ఇందులో నొప్పికి, బాధకి, రేపు వంగి నాటు వేయలేకపోవడానికి ఒక్క రూపాయి కూడా నేను కలపలేదు. పెద్దమనుషులిచ్చే ఇరవై అయిదు వేలు ఆసుపత్రి బిల్లుకే చాలదు. మిగిలిన 44,600 రూపాయలకు బిల్లు ఉండదు కాబట్టి అది అసలు ఖర్చే కాదన్నట్టు మాట్లాడతారు. బిల్లు లేని ఆ ఖర్చు ఎవరి శ్రమ నుంచి వచ్చిందో గమనించండి. ఒక అక్కది, ఒక చెల్లెలిది.

ఆ రాజీ కాగితంలో 'ఇకమీద మాకు ఏ క్లెయిమూ లేదు' అని ఒక వాక్యం ఉంటుంది. అది రేపు కోర్టులో అవతలివాళ్ళ చేతిలో ఆయుధం అవుతుంది. అందుకే మొదటి నెలలో ఏ కాగితం మీదా సంతకం, వేలిముద్ర వెయ్యొద్దని మనం ఇంటింటికీ చెప్పాలి. రాజీ అన్నది తప్పేమీ కాదు. కానీ అది జరగవలసింది లోక్ అదాలత్‌లోనో, ట్రిబ్యునలు ముందో, లెక్క అంతా వేసుకున్న తరవాత.

చట్టం ఏయే ఖర్చులను గుర్తిస్తుంది?

1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద గాయపడినవాళ్ళు స్వయంగా, చనిపోతే వారి వారసులు, ట్రిబ్యునలులో నష్టపరిహారం అడగవచ్చు. గాయపడినవాళ్ళకి ఏమేమి రావాలో సుప్రీంకోర్టు 2010లో రాజ్ కుమార్ - అజయ్ కుమార్ కేసులో వరసగా చెప్పింది. వైద్యం, మందులు, ఆసుపత్రి ఖర్చు, రవాణా, పుష్టికరమైన ఆహారం, ఇతర చిల్లర ఖర్చులు, చికిత్స కాలంలో పోయిన సంపాదన, శాశ్వత వైకల్యం వల్ల రేపు పోయే సంపాదన, ముందుముందు చెయ్యవలసిన వైద్యం, నొప్పి, బాధ, జీవితంలో మామూలు సుఖాలు కోల్పోవడం. చూశారా, ఆటో చార్జీ, పాలు గుడ్లు చట్టం గుర్తించిన ఖర్చులే. మనమే అడగడం లేదు.

అదే తీర్పులో మనకి చాలా ఉపయోగపడే మాట ఇంకొకటి ఉంది. డాక్టరు ఇచ్చే వైకల్య శాతమూ, సంపాదనలో కలిగే నష్టమూ ఒకటి కావు. ఆ మనిషి ఏ పని చేసి బతికేవాళ్ళు, ఇప్పుడు ఆ పని చెయ్యగలరా లేదా అన్నది ట్రిబ్యునలు చూడాలి. సర్టిఫికెట్టులో 'కాలికి 20 శాతం' అని ఉంటుంది. కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసే మనిషికి అది 20 శాతం కూడా కాకపోవచ్చు. మోకాలు ముడవలేని స్త్రీ బురదలో దిగి నాటు వెయ్యలేదు, గొంతుకు కూర్చుని కలుపు తియ్యలేదు. ఆమె సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టే. ఈ సంగతిని వకీలు ఊహించి చెప్పలేడు. ఆమె రోజంతా ఏ పని ఏ భంగిమలో చేస్తుందో వివరంగా రాసి ఇవ్వవలసింది మనమే.

కూలికి రుజువేది అని బీమా కంపెనీ అడుగుతుంది. 2011లో సుప్రీంకోర్టు ముందుకి ఒక కూలి మనిషి కేసు వచ్చింది. నెలకి 4,500 సంపాదిస్తున్నానని ఆయన చెబితే ట్రిబ్యునలు 3,000 అనే లెక్కించింది. కూలిపని చేసేవాళ్ళని కాగితాలు తెమ్మనడం కుదరదనీ, అడిగిన మొత్తం అసంబద్ధంగా లేనప్పుడు ఒప్పుకోవాలనీ కోర్టు చెప్పి 4,500 అంగీకరించింది. మేస్త్రీ సాక్ష్యం, తోటి కూలీల సాక్ష్యం, ఉపాధి పనుల హాజరు వివరాలు, పొదుపు సంఘం పుస్తకంలో కట్టిన కంతులు - ఇవన్నీ మనకి ఆధారాలే.

ఇంటిపనికి వెల

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. కూలికి పోని స్త్రీ, ఇంట్లోనే ఉండే స్త్రీ గాయపడితే ఆమె నష్టం ఎంత? చాలాకాలం చట్టం దీనికి ఇచ్చిన సమాధానం సిగ్గుపడవలసినది. 1994లో చేర్చిన రెండవ షెడ్యూలు సంపాదన లేని భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడో వంతుగా లెక్కించమంది. అంటే ఒకే రకంగా వండి, ఉతికి, పిల్లల్ని పెంచే ఇద్దరు స్త్రీల శ్రమ, భర్తల జీతాలు వేరు కాబట్టి వేరు వేరు విలువలు పలుకుతుంది. ఆమె శ్రమకి సొంత కొలబద్ద లేదు, భర్తే కొలబద్ద. ఆ షెడ్యూలు ఇప్పుడు చట్టంలో లేదు గానీ ఆ ఆలోచన ఇంకా పోలేదు.

కోర్టులు నెమ్మదిగా కదిలాయి. 1989లో జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో చనిపోయిన స్త్రీల విషయంలో, లతా వాధ్వా కేసులో 2001లో సుప్రీంకోర్టు గృహిణుల సేవలకి నెలకి 3,000 రూపాయలు విలువ కట్టింది. 2010లో అరుణ్ కుమార్ అగర్వాల్ కేసులో జస్టిస్ గంగూలీ, 2001 జనాభా లెక్కలు గృహిణులను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి 'పని చెయ్యనివారి' జాబితాలో వేసిన వైఖరిని గట్టిగా విమర్శించారు. 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ ఉన్న ధర్మాసనం మరొక ప్రమాదం కేసులో, జాతీయ సర్వే లెక్కల్ని ఉటంకించింది. స్త్రీలు జీతంలేని ఇంటిపనిలో రోజుకి సగటున 299 నిమిషాలు గడిపితే, పురుషులు 97 నిమిషాలు. సంరక్షణ పనిలో స్త్రీలు 134 నిమిషాలు, పురుషులు 76. ఇంటిపని చేసే స్త్రీలు ఆర్థిక వ్యవస్థకి ఏమీ జోడించరన్నది అపోహ అని ఆ తీర్పు తేల్చింది.

ఈ వాదన చనిపోయినవాళ్ళకే పరిమితం కానక్కర్లేదు. నాలుగు నెలలు మంచం పట్టిన స్త్రీ ఇంట్లో వంట, నీళ్ళు, పశువుల పని ఎవరో ఒకరు చేశారు కదా. ఆ పనికి వెల అడగాలి. తోడున్నవాళ్ళ సేవ కూడా అంతే. 2020లో సుప్రీంకోర్టు, పన్నెండేళ్ళ వయసులో ప్రమాదంలో తీవ్రంగా దెబ్బతిన్న ఒక అమ్మాయి కేసులో, ఆమెను చూసుకునే ఇద్దరు మనుషులకి కలిపి నెలకి 10,000 చొప్పున లెక్కగట్టి ఆ ఒక్క పద్దు కిందే 21 లక్షల 60 వేలు ఇచ్చింది. తల్లో చెల్లెలో చేస్తే 'ప్రేమ' అని, బయటి మనిషి చేస్తే 'ఖర్చు' అని ఇకమీద మనం ఒప్పుకోకూడదు.

ఎవరి దగ్గర వసూలు?

తప్పు డ్రైవరుది. కానీ డ్రైవరు చాలాసార్లు మనలాంటి కూలివాడే, అతని దగ్గర ఏమీ ఉండదు. అందుకే చట్టం యజమానినీ, బీమా కంపెనీనీ కూడా బాధ్యుల్ని చేసింది. బండి అమ్మేశాను అని యజమాని తప్పించుకోలేడు. రిజిస్ట్రేషను ఎవరి పేరుమీద ఉంటే వారిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. డ్రైవరుకి లైసెన్సు లేదనే వంకతో బాధితులకి ఎగ్గొట్టడం కూడా కుదరదు. ముందు కంపెనీ చెల్లించి తరవాత యజమాని నుంచి రాబట్టుకునే పద్ధతి 2004 తీర్పు నుంచీ ఉంది. రెండు బండ్లదీ తప్పుంటే, అందులో కూర్చున్న ప్రయాణికురాలు ఇద్దరిలో ఎవరి నుంచైనా మొత్తం రాబట్టుకోవచ్చు. క్రిమినల్ కేసులో డ్రైవరు నిర్దోషిగా బయటపడినా పరిహారం కేసు పోదని జస్టిస్ కృష్ణయ్యర్ 1980లోనే చెప్పారు. ఇక్కడ అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు, ఎక్కువగా ఏది జరిగి ఉండవచ్చో తేలితే చాలు.

అయితే మన స్త్రీలకి ప్రత్యేకంగా వర్తించే పెద్ద గొయ్యి ఒకటుంది. సరుకు రవాణా బండిలో, ట్రాక్టరు ట్రాలీలో ప్రయాణికులుగా ఎక్కినవాళ్ళకి బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరు తీర్పులో తేల్చింది. తరవాత కొన్ని కేసుల్లో, ముందు కంపెనీ చెల్లించి యజమాని నుంచి రాబట్టుకోవాలని ఆదేశాలిచ్చింది గానీ అది ప్రతిసారీ దొరుకుతుందని నమ్మకం లేదు. పరిమితికి మించి మనుషులెక్కిన బండి విషయంలో, అనుమతి ఉన్న సంఖ్య మేరకే కంపెనీ బాధ్యత అని 2007లో తీర్పు వచ్చింది. కంపెనీ కట్టిన డబ్బుని అందరూ నిష్పత్తి ప్రకారం పంచుకోవాలి, మిగిలినది యజమాని దగ్గర రాబట్టుకోవాలి. కూలి స్త్రీలు ఇరుక్కుని ప్రయాణించేది సరదాకి కాదు. ఆ బండి మాట్లాడేది రైతో మేస్త్రీయో. ఎక్కకపోతే ఆ రోజు కూలి లేదు. ప్రయాణం ఎలా జరగాలో నిర్ణయించే అధికారం లేని మనిషి మీద ఆ ప్రయాణపు నష్టమంతా వేయడం న్యాయమా? ఈ ప్రశ్న మనం తప్ప ఎవరూ అడగడం లేదు.

గడువు, కాగితాలు

ఇక ఆచరణలో ఏం చెయ్యాలి? కొన్ని విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ఆసుపత్రిలో చేర్చగానే 'బండి గుద్దింది' అని రాయించాలి. భయపడి 'కింద పడింది' అని రాయిస్తే కేసు అక్కడే సగం చచ్చిపోతుంది. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకి గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందాలి. ఆ మాట ఆసుపత్రిలో అడగండి. పథకం భరించనిది - బయట కొన్న మందులు, ప్రయాణం, తిండి, తోడు - విడిగా రాసుకోండి.

ఎఫ్.ఐ.ఆర్. తప్పనిసరి. 2022 ఏప్రిల్ నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునలుకి పంపాలి. ఆ నివేదికనే దరఖాస్తుగా తీసుకునే వీలు చట్టంలో ఉంది. స్టేషనుకి వెళ్ళి ఆ నివేదిక పంపారా లేదా అని అడగడం మన పని.

గడువు ఆరు నెలలు. 1994లో తీసేసిన ఈ గడువును 2019 సవరణ మళ్ళీ తెచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మంచం మీద ఉన్న మనిషికి, చదువులేని మనిషికి ఆరు నెలలు కళ్ళు మూసి తెరిచేలోపు గడిచిపోతాయి. దీని న్యాయబద్ధత మీద సుప్రీంకోర్టులో వివాదం నడిచింది. గడువు దాటిందన్న కారణంతో కేసులు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం కూడా వచ్చింది. అయినా దాని మీద భరోసా పెట్టుకోకుండా ఆరు నెలల లోపే వెయ్యండి. ఇంకొక కారణం కూడా ఉంది. 171వ సెక్షను కింద వడ్డీ దరఖాస్తు వేసిన తేదీకి ముందు రోజులకి రాదు. మనం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మాత్రం మొదటి రోజు నుంచే పెరుగుతుంది.

దరఖాస్తు ప్రమాదం జరిగిన చోటే వెయ్యాలని లేదు, బాధితులు నివసించే ప్రాంతపు ట్రిబ్యునలులో కూడా వేయవచ్చు. తప్పు ఎవరిదో రుజువు చెయ్యలేని స్థితిలో 164వ సెక్షను కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగవచ్చు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి. దానికి రెవెన్యూ డివిజను అధికారికి దరఖాస్తు పెట్టాలి.

వకీలు ఖర్చు గురించి ఒక్క మాట. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకి ఉచిత న్యాయసహాయం హక్కు. ఆదాయంతో సంబంధం లేదు. స్త్రీ అయితే చాలు. వచ్చిన డబ్బులో ఇంత వాటా అని మాట్లాడుకునే మధ్యవర్తులకి ఇల్లు గుల్ల చేసుకోనక్కర్లేదు.

డబ్బు వచ్చాక

పరిహారం వచ్చాక కథ అయిపోదు. సుప్రీంకోర్టు, మైనర్ల, చదువురాని వాళ్ళ, వితంతువుల డబ్బు మోసపోకుండా బ్యాంకులో డిపాజిట్టు చెయ్యాలని మార్గదర్శకాలిచ్చింది. ఇందులో రక్షణ ఉంది, స్త్రీకి డబ్బు వ్యవహారం తెలియదన్న చూపు కూడా ఉంది. రెండూ గమనించాలి. డిపాజిట్టు ఆమె పేరుమీదే ఉండాలి, పాసుపుస్తకం ఆమె దగ్గరే ఉండాలి, అవసరమయితే ట్రిబ్యునలు అనుమతితో ముందే తీసుకోవచ్చని ఆమెకి తెలియాలి. ఆమె కాలు విరిగినందుకు వచ్చిన డబ్బుతో మరొకరి పేర మోటారు సైకిలు కొనడానికి వీల్లేదు.

చెల్లించాల్సినవాళ్ళు మొండికేస్తే 174వ సెక్షను ఉంది. ట్రిబ్యునలు సర్టిఫికెట్టు ఇస్తే కలెక్టరు ఆ సొమ్ముని భూమిశిస్తు బకాయి లాగా వసూలు చెయ్యాలి. పేదల శిస్తు బకాయిల కోసం గిన్నెలు జప్తు చేసిన వ్యవస్థ, బండి యజమాని దగ్గర కూడా అంతే చురుకుగా ఉండాలని మనం అడగాలి.

మనం చెయ్యవలసింది

ప్రతి సంఘంలో ఒక ప్రమాదాల పుస్తకం పెట్టండి. ప్రమాదం తేదీ, బండి నంబరు, ఎఫ్.ఐ.ఆర్. నంబరు, ఆరు నెలల గడువు ముగిసే తేదీ మొదటి పేజీలో రాయండి. రెండో పేజీ నుంచి రోజువారీ ఖర్చు. ఆటో చార్జీ, టీ, పాలు, తోడున్నవాళ్ళ పేరు, వాళ్ళు మానుకున్న కూలి - ఆ రోజుదా రోజే రాసి సాక్షి సంతకం పెట్టించండి. బిల్లు లేని ఖర్చుకి ఆ పుస్తకం బిల్లుకు దగ్గరగా నిలుస్తుంది.

రెండవది, కూలి స్త్రీలను పనికి తీసుకుపోయే బాధ్యత పని ఇచ్చేవాళ్ళదనీ, ఆ ప్రయాణం తప్పనిసరి బీమా కిందికి రావాలనీ డిమాండు చెయ్యాలి. సరుకు బండ్లెక్కొద్దని ఆడవాళ్ళకి ఉపన్యాసాలిచ్చి చలానాలు రాస్తే సరిపోదు. పొలాలకి పోయే వేళకి బస్సు ఉండాలి.

మూడవది, ఏ దరఖాస్తులోనైనా ఇంటిపని నష్టాన్ని, తోడున్నవాళ్ళ శ్రమని విడి పద్దులుగా అడగకుండా వదలకండి. ట్రిబ్యునలు ఇవ్వకపోవచ్చు, తగ్గించి ఇవ్వవచ్చు. కానీ అడగనిదాన్ని ఏ కోర్టూ తనంతట తాను వెతికి ఇవ్వదు. లతా వాధ్వా కేసు నుంచి 2021 తీర్పు దాకా వచ్చిన మార్పంతా ఎవరో ఒకరు అడిగినందువల్ల వచ్చిందే.

రేపు మీ మీ ఊళ్ళకి వెళ్ళాక, గత ఆరు నెలల్లో ప్రమాదం జరిగిన ఇళ్ళు ఎన్ని ఉన్నాయో ముందు లెక్క తియ్యండి. గడువు దగ్గరపడిన ఇంటితో మొదలుపెట్టండి.